తెల్లారేలోగా తేలాల్సిన లెక్క

కరీంనగర్ బస్టాండుకు రాత్రి అంటూ ఉండదు. రాజీవ్ రహదారి మీదుగా హైదరాబాద్ నుంచి వచ్చే బస్సులు అర్ధరాత్రి దాటినా మనుషులను దించుతూనే ఉంటాయి. పొద్దున్నే వేములవాడ రాజన్న దర్శనానికి పోవాల్సిన కుటుంబం, ఆసుపత్రిలో ఉన్న తండ్రిని చూడడానికి ఊరి నుంచి వచ్చిన కొడుకు, క్వారీలో గ్రానైట్ బ్లాకులు చూసుకోవడానికి వచ్చిన వ్యాపారి... అందరూ చేరేది దగ్గర్లోని ఏదో ఒక హోటల్ కౌంటర్‌కే. "అన్నా, రూమ్ దొరుకుతదా?" అన్న ప్రశ్నకు ఆ వేళ జవాబు చెప్పే మనిషి ఒక్కరే ఉంటారు.

ఆదిలాబాద్‌లో రాత్రి తీరు కొంచెం వేరు. 44వ నంబరు జాతీయ రహదారిపై నాగ్‌పూర్ వైపు నుంచి వచ్చే బండ్లు, అక్టోబరు నుంచి పత్తి మార్కెట్‌కు వచ్చే కొనుగోలుదారులు, పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్లే యాత్రికులు. రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే జిల్లాల్లో ఒకటి కనుక చలికాలంలో కౌంటర్‌కు వచ్చే మొదటి ఫిర్యాదు గీజర్ గురించే.

కౌంటర్ వెనుక కూర్చున్న ఆ మనిషిని చాలామంది తాళంచెవులు ఇచ్చే కాపలాదారుగా చూస్తారు. కొన్నిసార్లు ఆ ఉద్యోగి కూడా తనను అలాగే చూసుకుంటారు. కానీ ఆ ఎనిమిది గంటల్లో నడిచేవి రెండు పనులు: ఒకటి రిసెప్షన్, రెండోది అకౌంట్స్. హోటల్ భాషలో రెండో పని పేరు నైట్ ఆడిట్. దాన్ని శ్రద్ధగా నేర్చుకున్నవారికి రాత్రి డ్యూటీ అంటే జీతం ఇచ్చి మరీ చెప్పే కామర్స్ పాఠం. ఈ అధ్యాయం ఉద్దేశం ఆ పాఠాన్ని విప్పి చూపించడం.

రోజుకు గీత గీసేది ఎవరు?

కిరాణా దుకాణం రాత్రి షట్టర్ దించుతుంది. సేటు గల్లా లెక్కపెట్టి, చిట్టాలో జమ, ఖర్చు రాసి, ఇంటికి పోతాడు. హోటల్‌కు దించడానికి షట్టర్ లేదు. 11:50కి ఒకరు గది ఖాళీ చేస్తారు, 12:10కి ఇంకొకరు దిగుతారు. ఈ ప్రవాహంలో ఎక్కడో ఒకచోట గీత గీసి "ఇక్కడికి నిన్నటి వ్యాపారం ముగిసింది" అని తేల్చాలి. ఆ గీత గీసేది రాత్రి ఉద్యోగి. ఆ పని పూర్తయ్యేదాకా హోటల్ సాఫ్ట్‌వేర్‌లో తేదీ మారదు. గోడ మీది గడియారం రెండు చూపిస్తున్నా, పుస్తకంలో ఇంకా నిన్నటి తేదీయే నడుస్తుంది.

ఈ క్రమశిక్షణకు పెద్ద చరిత్రే ఉంది. హోటళ్ల లెక్కలన్నీ ఒకే తీరులో ఉండాలని న్యూయార్క్ నగర హోటల్ యజమానుల సంఘం 1926లో ఒక ఉమ్మడి పద్ధతిని పుస్తకంగా తెచ్చింది. మార్పులు చేర్పులతో ప్రపంచంలోని పెద్ద హోటళ్లు నేటికీ దాన్నే అనుసరిస్తున్నాయి. కరీంనగర్‌లో ముప్పై గదుల లాడ్జిలో రాసే రోజువారీ రిపోర్టులోనూ ఉండేది అదే ఆలోచన: ఏ రోజు ఆదాయం ఆ రోజుకే చెందాలి.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. పెద్ద హోటళ్లలో మధ్యాహ్నం 12కు చెక్-అవుట్. మన లాడ్జీల్లో చాలాచోట్ల 24 గంటల పద్ధతి. తెల్లవారుజామున నాలుగింటికి దిగిన భక్తుడి గడువు మర్నాడు నాలుగింటికి తీరుతుంది. అందుకే 24 గంటల లాడ్జిలో రాత్రి ఉద్యోగి దగ్గర గంటలవారీ జాబితా ఉండాలి: మూడింటికి ఏ గది, అయిదింటికి ఏ గది ఖాళీ కావాలో అందులో కనపడాలి. ఆ జాబితా లేకపోతే ఎక్కువ సమయం ఉన్నవారి దగ్గర వసూలు తప్పిపోతుంది, లేదా నిద్రలో ఉన్న మనిషిని పొరపాటున లేపాల్సి వస్తుంది.

పనికి ఒక వరుస

ఈ ఉద్యోగంలో రాణించినవారికి ఒక స్థిరమైన వరుస ఉంటుంది. రోజూ అదే వరుస.

మొదటిది చార్జి తీసుకోవడం. సాయంత్రం షిఫ్ట్ వారు ఎదుటే ఉండగా గల్లాలోని నోట్లు లెక్కపెట్టాలి. అయిదు వందలవి ఎన్ని, రెండు వందలవి ఎన్ని, వందలవి ఎన్ని అని విడివిడిగా రాసి ఇద్దరూ సంతకం చేయాలి. "మనోడే కదా" అని లెక్కపెట్టకుండా తీసుకుంటే, తర్వాత కనపడే లోటు ఎవరిదో తేలదు. స్నేహం నిలవాలంటే లెక్క ముందే జరగాలి.

రెండోది గదుల సరిచూపు. కంప్యూటర్‌లో ఉన్న గదులు, బోర్డు మీద లేని తాళంచెవులు, రూమ్ బాయ్ చెప్పే గదులు మూడూ ఒకటి కావాలి. కంప్యూటర్‌లో ఖాళీగా ఉన్న గదిలో లైటు వెలుగుతుంటే అక్కడ ఆదాయం జారిపోతున్నట్టే. ఉదయం ఖాళీ అయిన గది ఇంకా నిండినట్టే చూపిస్తే, రాత్రి ఒంటిగంటకు వచ్చినవారికి "రూమ్ లేదు" అని తప్పుగా చెప్పి పంపిస్తారు.

మూడోది అద్దె, పన్ను ఎక్కించడం. ఇక్కడ చట్టం తెలియాలి. రోజుకు వెయ్యి రూపాయల లోపు గదులకు ఉన్న జీఎస్టీ మినహాయింపు 2022 జులై 18న తొలగి, వాటికీ 12 శాతం పన్ను వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదులకు పన్ను 5 శాతానికి తగ్గింది. ఆపైన 18 శాతం. ఇలాంటి మార్పులు అమల్లోకి వచ్చేది అర్ధరాత్రి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవారు సాఫ్ట్‌వేర్‌లో శాతం సరిచూడకపోతే మర్నాటి బిల్లులన్నీ తప్పుగా వెళ్తాయి.

నాలుగోది డబ్బు జతపరచడం. నగదు, కార్డు, యూపీఐ, ఆన్‌లైన్ బుకింగ్ కంపెనీల నుంచి రావాల్సింది, "బిల్ టు కంపెనీ" గదులు: అయిదు వరుసలు. ప్రతి వరుసలో పుస్తకంలోని అంకెకు ఎదురుగా ఒక ఆధారం ఉండాలి. కార్డు మిషన్‌లో సెటిల్‌మెంట్ పూర్తయిందో లేదో చూడాలి. ఆగిపోతే డబ్బు హోటల్ ఖాతాకు చేరడం ఆలస్యమవుతుంది. యూపీఐలో తేదీ చిక్కు ఉంది. రాత్రి 12:20కి వచ్చిన చెల్లింపు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కొత్త తేదీకి పడుతుంది, హోటల్ పుస్తకంలో పాత తేదీకే పడుతుంది. ఇలాంటివాటిని రోజూ ఒక చిన్న కాగితం మీద విడిగా రాసి పెడితే, నెలాఖరున అకౌంటెంట్ రెండు రోజుల పని రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

చివరిది రిపోర్టు. పొద్దున యజమాని చూసేది దీన్నే కనుక అంకెలకు అర్థం తెలిసి రాయాలి. 42 గదుల హోటల్ ఉందనుకుందాం. రాత్రి 29 గదులు నిండాయి, గది అద్దెల ఆదాయం 52,200 రూపాయలు. అంటే 69 శాతం గదులు నిండాయి. నిండిన గదికి సగటు అద్దె 1,800. మొత్తం గదులకు పంచితే గదికి 1,243. ఆ అద్దె మీద 5 శాతం పన్ను 2,610. అందులో కేంద్రానికి 1,305, రాష్ట్రానికి 1,305. ఈ అంకెలు వారం రోజులు పక్కపక్కనే రాసి చూస్తే, మంగళవారం గదులు ఎందుకు ఖాళీగా ఉంటున్నాయో, పెళ్లి ముహూర్తాల రోజుల్లో రాయితీ ఎందుకు అవసరం లేదో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. అద్దె నిర్ణయించే తెలివి మొదలయ్యేది ఇక్కడే.

తేడా వస్తే ఏం చేయాలి?

లెక్క కుదరని రాత్రి ప్రతి ఉద్యోగికీ వస్తుంది. మనిషి స్వభావం బయటపడేదీ ఆ రాత్రే. జేబులోంచి వేసి సరిపెట్టేవారు ఉంటారు, "ఇతర ఖర్చులు" కింద రాసేసేవారు ఉంటారు. రెండూ ప్రమాదమే. జేబులోంచి వేస్తే అసలు తప్పు లోపలే దాక్కుంటుంది. రేపు అదే తప్పు ఇంకో రూపంలో, ఇంకా పెద్దగా వస్తుంది.

పాత గుమాస్తాల చేతిలో కొన్ని ఉపాయాలు ఉండేవి. అవి నేటికీ పనిచేస్తాయి. తేడాను 9తో భాగించి చూడాలి. రిజిస్టర్‌లో 18,640 ఉంది, గల్లాలో 18,460 ఉంది. తేడా 180. అది 9తో సరిగ్గా భాగం పోతోంది కనుక ఎక్కడో రెండు అంకెలు తారుమారయ్యాయేమో మొదట వెతకాలి. పక్కపక్క అంకెలు అటూ ఇటూ అయినప్పుడు వచ్చే తేడా ఎప్పుడూ 9తో భాగం పోతుంది. అలా పోకపోతే, తేడాలో సగం మొత్తం ఎక్కడైనా ఉందేమో చూడాలి. 1,200 తేడా ఉంటే 600 రూపాయల పద్దు కోసం వెతకాలి: తిరిగి ఇచ్చిన అడ్వాన్సు ఖర్చు వైపు పడాల్సింది జమ వైపు పడిందేమో. తేడా సరిగ్గా ఒక గది బిల్లుకు సమానమైతే, ఆ గది రెండుసార్లు పడిందా, అసలే పడలేదా చూడాలి.

అరగంట వెతికినా దొరకకపోతే దాచకూడదు. ఎంత తేడా, ఎక్కడెక్కడ వెతికారు, ఏది ఇంకా చూడలేదు అని మూడు వరుసలు రాసి, మేనేజర్‌కు పెట్టాలి. లోటు రాసి చూపించిన ఉద్యోగిని ఒకరోజు మందలించవచ్చు. లోటు దాచి పట్టుబడినవారిని మళ్లీ ఎవరూ నమ్మరు.

నగదు విషయంలో ఇంకో హద్దు తెలుసుకోవాలి. 2017 ఏప్రిల్ నుంచి ఒకే రోజు ఒకే వ్యక్తి నుంచి, లేదా ఒకే వేడుకకు సంబంధించి, రెండు లక్షలు లేదా అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధం. పెళ్లివారు ఇరవై గదులు, ఫంక్షన్ హాలు కలిపి నోట్ల కట్టలతో చెల్లించబోతే, మర్యాదగా ఆపి బ్యాంకు మార్గం చూపించాల్సింది కౌంటర్‌లో ఉన్నవారే.

కౌంటర్ ముందు నిలబడ్డ మనిషి

రాత్రి వచ్చేవారు అలసి వస్తారు. కొందరు భయంతో వస్తారు. ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషికి ముందు మంచినీళ్లు, తర్వాత ఫారం. "కూర్చోండి సార్, అయిదు నిమిషాల్లో అయిపోతది" అన్న మాట ఖర్చు లేనిది. ఆదిలాబాద్‌లో అయితే తెలుగుతో పాటు మరాఠీలో, హిందీలో నాలుగు ముక్కలు, గోండులో పలకరింపు మాట ఒకటి వస్తే ఆ కౌంటర్ అందరిదీ అవుతుంది.

గుర్తింపు కార్డు మాత్రం ఎవరికైనా తప్పదు. మంచిర్యాల అని చెప్పిన మనిషి ఆధార్‌లో ఆదిలాబాద్ జిల్లా అని ఉంటే అనుమానించాల్సిన పని లేదు. 2016 అక్టోబరు 11న పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. కరీంనగర్ నుంచీ జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల విడివడ్డాయి. కార్డులు ఇంకా పాత పేర్లతోనే తిరుగుతుంటాయి. కార్డులో ఉన్నట్టే రాసుకుంటే సరి. విదేశీయుడు దిగితే పాస్‌పోర్టు, వీసా వివరాలను 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో అధికారులకు పంపాలి. పాతకాలం ఉద్యోగులు దీన్నే సి-ఫారం అంటారు. గ్రానైట్ వ్యాపారం ఉన్న కరీంనగర్‌లో ఈ పని ఏ రాత్రయినా రావచ్చు.

తీసుకున్న కార్డు కాపీలు హోటల్ సొత్తు కావు, నమ్మి ఇచ్చిన వివరాలు. వాటిని కౌంటర్ మీద పరిచి ఉంచకూడదు, సొంత ఫోనులో ఫొటో తీయకూడదు. గది నంబరు గట్టిగా చెప్పకుండా కాగితం మీద రాసి ఇవ్వాలి. ఎవరైనా ఫోన్ చేసి "ఫలానా ఆమె మీ దగ్గర ఉందా, ఏ రూమ్?" అని అడిగితే జవాబు చెప్పకూడదు. ఒంటరిగా దిగిన మహిళకు ఈ ఒక్క జాగ్రత్త ఎంత రక్షణో, వేరే చెప్పనక్కర్లేదు.

మోసం, నిప్పు

మోసగాళ్లు రాత్రినే ఎంచుకుంటారు, ఎందుకంటే అడగడానికి పక్కన ఎవరూ ఉండరు. యూపీఐ చెల్లించినట్టు నకిలీ స్క్రీన్‌షాట్ చూపించడం మామూలైపోయింది. అతిథి ఫోనులో కనిపించేది ఆధారం కాదు. హోటల్ యాప్‌లో పడిందా, సౌండ్‌బాక్స్ పలికిందా అన్నదే ఆధారం. "నేను ఓనర్‌ని, అర్జెంటుగా ఈ నంబర్‌కు ఇరవై వేలు వెయ్యి" అని ఫోన్ వస్తే, పెట్టేసి, డైరీలో ఉన్న నంబరుకు తిరిగి చేయాలి. ఓటీపీ ఎవరడిగినా ఇవ్వకూడదు.

నిప్పు సంగతి ఇంకా గంభీరం. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడలో, కొవిడ్ కేంద్రంగా నడుస్తున్న హోటల్‌లో మంటలు రేగి పది మంది చనిపోయారు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో పుట్టిన మంటల పొగ మెట్ల మీదుగా పైన లాడ్జి గదుల్లోకి కమ్ముకుని ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. నిద్రలో ఉన్నవారికి పొగ వాసన ఆలస్యంగా తెలుస్తుంది. మేలుకొని ఉన్న మనిషి కౌంటర్‌లోనే ఉంటాడు.

కనుక డ్యూటీ మొదట్లోనే ఏ గదిలో ఎంతమంది ఉన్నారో జాబితా ముద్రించి చేతికి అందేచోట ఉంచాలి. కరెంటు పోయినా, కంప్యూటర్ ఆగినా ఆ కాగితం ఉంటుంది. అత్యవసర ద్వారానికి తాళం లేదని, మెట్ల కింద పరుపులు, సిలిండర్లు పెట్టలేదని ఒక రౌండులో చూడాలి. నడవలేని వృద్ధులు ఏ గదుల్లో ఉన్నారో గుర్తు పెట్టుకోవాలి. ఫైర్‌కు 101, అంబులెన్స్‌కు 108, దేనికైనా 112. మంట కనపడితే మొదట ఫోను, ఆ తర్వాతే యజమానికి కబురు.

ఒంటికీ ఒక గడియారం ఉంది

శరీరం రాత్రీపగలూ ఎలా గుర్తిస్తుందో కణాల స్థాయిలో కనిపెట్టినందుకు 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో రాత్రి షిఫ్టు పనిని "బహుశా క్యాన్సర్ కారకం" జాబితాలో చేర్చింది, 2019లో మళ్లీ పరిశీలించి అదే మాట చెప్పింది. భయపెట్టడానికి చెప్పే మాటలు కావివి. రాత్రి ఉద్యోగి తన నిద్రను డ్యూటీలో భాగంగా లెక్కవేసుకోవాలని చెప్పడానికి ఇవే ఆధారాలు.

తెల్లవారుజాము మూడు నుంచి అయిదు మధ్య శరీర ఉష్ణోగ్రత పడిపోతుంది, తప్పులు పెరుగుతాయి. అందుకే అంకెల పని రెండున్నరలోపే ముగించి, ఆ వేళకు నడిచి చేసే పనులు పెట్టుకోవాలి. భోజనం డ్యూటీకి ముందే కానివ్వాలి. మధ్యలో ఆకలైతే జొన్నరొట్టె, పండు, గుప్పెడు పల్లీలు చాలు. అర్ధరాత్రి బిర్యానీ నిద్రను తెచ్చి కూర్చోబెడుతుంది. ఉదయం ఎనిమిదికి పడుకునేవారు మూడు తర్వాత చాయ్ మానాలి, కెఫీన్ గంటల తరబడి ఒంట్లో ఉంటుంది. పగటి నిద్రకు చీకటి గది, మందపాటి పరదా, ఇంట్లోవారి సహకారం కావాలి. "పగలంతా పడుకుంటడు" అని అనుకునే ఇంట్లో, ఇది డ్యూటీ నిద్ర అని ఒకసారి కూర్చోబెట్టి చెప్పాలి. కళ్లు మూతలు పడుతుంటే బైక్ తీయకూడదు. హోటల్‌లోనే ఇరవై నిమిషాలు కునుకు తీసి బయల్దేరాలి. హైవే మీద ఆ వేళ తిరిగే లారీ డ్రైవరూ రాత్రంతా మేలుకున్నవాడే.

హక్కులూ తెలియాలి. తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం వారానికి 48 గంటల పని హద్దు పెట్టింది, వారపు సెలవు ఇచ్చింది, అదనపు గంటలకు రెట్టింపు వేతనం ఇవ్వమంది. "రాత్రి ఏం పని ఉంటది, పన్నెండు గంటలు చేయి" అనే యజమానితో మర్యాదగా, చట్టం పేరుతో మాట్లాడవచ్చు.

ఇక్కడి నుంచి ముందుకు

ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి గల్ఫ్‌కు వలస దశాబ్దాలుగా సాగుతోంది. జగిత్యాల, నిర్మల్, సిరిసిల్ల కుటుంబాలకు దుబాయ్ కొత్త పేరు కాదు. అక్కడి హోటళ్లలో నైట్ ఆడిటర్ అన్న పేరుతోనే పోస్టు ఉంటుంది. నిర్మాణ కూలీగా వెళ్లడానికీ, రోజువారీ రిపోర్టు చేయగల అనుభవంతో వెళ్లడానికీ జీతంలోనూ గౌరవంలోనూ చాలా తేడా ఉంటుంది. వెళ్లాలనుకునేవారు ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూసుకోవాలి, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను సంప్రదించాలి. విజిట్ వీసా మీద ఉద్యోగం అనే మాట నమ్మకూడదు.

ఇక్కడే ఉండాలనుకునేవారికీ దారి ఉంది. పద్దులు, పన్ను, బ్యాంకు జతపరచడం, అద్దెల సరళి తెలిసిన ఉద్యోగి అకౌంట్స్ విభాగానికి, ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్ కుర్చీకి, రేపు సొంత లాడ్జికి కూడా సిద్ధమైనట్టే. కావాల్సిందల్లా చేసిన పనికి ఆధారం చూపగలగడం.

ఈ వారం నుంచే చేయగలిగినవి ఇవి:

1. సొంత నోటుబుక్కులో రోజూ మూడు అంకెలు రాయండి: నిండిన గదుల శాతం, సగటు అద్దె, ఆ రోజు తేడా. గదులు ఎందుకు పెరిగాయో, ఎందుకు తగ్గాయో ఒక్క వాక్యం చేర్చండి.
2. చార్జి తీసుకునేటప్పుడు నోట్లు విడివిడిగా లెక్కపెట్టి రెండు సంతకాలు చేయించే పద్ధతి మీ హోటల్‌లో లేకపోతే, మీరే మొదలుపెట్టండి.
3. సాఫ్ట్‌వేర్ చేసే ఒక లెక్కను రోజూ చేత్తో వేసి చూడండి. మిషన్ ఆగిన రాత్రి ఈ అలవాటే నడిపిస్తుంది.
4. అతిథుల జాబితా ముద్రించి, అత్యవసర ద్వారం తెరిచి చూశాకే కుర్చీలో కూర్చోండి.
5. నెలకొకసారి మేనేజర్‌ను పది నిమిషాలు అడిగి, మీ రిపోర్టులో ఆయన మొదట చూసే అంకె ఏదో, ఎందుకో తెలుసుకోండి.

ఆరు నెలలు ఈ నోటుబుక్కు ఆపకుండా రాయండి. తర్వాత ఏ హోటల్ ఇంటర్వ్యూకు వెళ్లినా సర్టిఫికెట్లతో పాటు దాన్నీ బల్ల మీద పెట్టండి. అతిథుల పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం అందులో ఒక్కటీ ఉండకూడదు.